మోతల మధ్య వినపడని పిలుపు

ఫోను రోజుకు ఎన్ని గంటలు చూస్తే ఆరోగ్యానికి హాని ఉండదు? ఈ మధ్య పరిచయస్తులు తరచుగా అడుగుతున్న ప్రశ్న ఇది. నేను సూటిగా జవాబు చెప్పను. ఎందుకంటే గంటల లెక్క కన్నా ముఖ్యమైన లెక్క మరొకటి ఉన్నదని నా అభిప్రాయం. ఆ ఫోను రోజుకు ఎన్నిసార్లు మనలను పిలుస్తున్నది, అందులో ఎన్ని నిజమైన పిలుపులు అన్నదే ఆ లెక్క. ఈ అభిప్రాయం నాకు పుస్తకాలు చదివి కలిగినది కాదు. నా వల్ల జరిగిన ఒక పొరపాటు వల్ల కలిగినది.

పదవీ విరమణ చేసి ఇన్నేళ్లయినా నా పాత రోగులు కొందరు నా నంబరు దాచుకుని ఉన్నారు. వారిలో ఒకరు అరవై రెండేళ్ల దర్జీ. మధుమేహం, రక్తపోటు రెండూ ఉన్న మనిషి. ఒకనాటి తెల్లవారుజామున ఆయనకు పైకడుపులో మంట, ఒళ్లంతా చెమటలు. దగ్గరలోని చిన్న ఆసుపత్రిలో ఈసీజీ తీశారు. గ్యాసే అయి ఉంటుందని మాత్ర ఇచ్చి పంపారు. కుమారునికి అనుమానం తీరలేదు. ఆ ఈసీజీ కాగితాన్ని ఫొటో తీసి 6 గంటల 14 నిమిషాలకు నాకు వాట్సాప్‌లో పంపాడు. ‘డాక్టరుగారూ, నాన్నగారికి ఏమీ బాగోలేదు, ఒక్కసారి చూసి చెప్పండి’ అని కింద రాశాడు. నేను దానిని చూసింది 9 గంటల 20 నిమిషాలకు.

ఆ మూడు గంటలూ ఫోను నా ఇంట్లోనే ఉన్నది. ఛార్జింగు ఉన్నది, సిగ్నలు ఉన్నది. మోగుతూనే ఉన్నది. అదే అసలు చిక్కు. ఉదయం అయిదున్నర నుంచి అది ఆగకుండా మోగుతుంది. కళాశాల సహాధ్యాయుల గ్రూపులో సూర్యోదయం బొమ్మలు, అపార్టుమెంటు గ్రూపులో నీళ్ల మోటారు గొడవ, బంధువుల గ్రూపులో ఎవరో ఒకరి పుట్టినరోజుకు వరుసగా నలభై శుభాకాంక్షలు, వాటికి నలభై నమస్కారాలు. ఆ మోతను నేను మోతగా వినడం ఎప్పుడో మానివేశాను. ఫోనును బల్ల మీద బోర్లించి నడకకు వెళ్లాను. వచ్చి కాఫీ తాగాను, పేపరు చదివాను. తరువాత తీరికగా తెరిచి చూస్తే 143 సందేశాలు. వాటి నడుమ ఆ ఈసీజీ.

గుండె కింది గోడకు రక్తం అందడం లేదన్న సంగతి ఆ కాగితం మీద మూడు లీడ్లలోనూ స్పష్టంగా కనబడుతున్నది. మెడిసిన్ మూడో సంవత్సరం విద్యార్థి కూడా గుర్తుపడతాడు. వెంటనే ఫోను చేశాను. అప్పటికే కుమారుడు ఎనిమిది గంటల దాకా నా జవాబు కోసం చూసి, ఇక లాభం లేదని తండ్రిని ఆటోలో ఎక్కించుకుని పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. ప్రాణం దక్కింది. కాని గుండె కండరం కొంత దెబ్బతిన్నది. ఇప్పుడాయన రెండో అంతస్తు ఎక్కాలంటే మధ్యలో ఆగవలసి వస్తున్నది. మూసుకుపోయిన రక్తనాళాన్ని ఎంత త్వరగా తెరిస్తే అంత కండరం మిగులుతుంది. ఆ రెండు గంటల ఖరీదు ఎంతో లెక్క కట్టగలిగిన వృత్తి నాది. ‘మీరు పడుకుని ఉంటారనుకున్నాం సార్’ అన్నాడు ఆ కుర్రవాడు. కోపగించుకుని ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

ఆసుపత్రుల్లో దీనికి ఒక పేరు ఉన్నది. అలారం ఫటీగ్ అంటారు, అంటే హెచ్చరికల అలసట. ఐసీయూలో ప్రతి మంచం దగ్గర ఒక మానిటరు ఉంటుంది. గుండె వేగం, ఆక్సిజన్ శాతం, రక్తపోటు, ఏది హద్దు దాటినా మోగుతుంది. రోగి దగ్గినా, వేలి క్లిప్పు జారినా, ఛాతీ మీది ఎలక్ట్రోడు ఎండిపోయినా కూడా మోగుతుంది. ఈ మోతల్లో 85 నుంచి 99 శాతం వరకు చికిత్సతో పని లేనివేనని అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2013లో ఇచ్చిన హెచ్చరికలో పేర్కొన్నది. 2009 జనవరి నుంచి 2012 జూన్ వరకు అలారాలకు సంబంధించిన 98 ఘటనలు ఆ సంస్థ దృష్టికి వచ్చాయి. వాటిలో 80 మరణంతో ముగిశాయి. ఆ ఆసుపత్రుల్లో నర్సులు సోమరులు కారు. మానవ మెదడు స్వభావమే అది. వంద అబద్ధపు మోతలు విన్న చెవి, నూట ఒకటో మోతనూ అబద్ధం కిందే జమ కడుతుంది.

అయితే ఆ వార్డుల్లో నర్సులకు ‘ఇంకా అప్రమత్తంగా ఉండండి’ అని ఉపన్యాసం ఇస్తే సమస్య తీరదు. ఎలక్ట్రోడ్లను రోజూ మార్చాలి. ప్రతి రోగికీ ఒకే హద్దు పెట్టకుండా ఆ రోగికి తగిన హద్దు పెట్టాలి. పని లేని మోతలను ఆపివేయాలి. అప్పుడు మిగిలిన మోతలకు విలువ వస్తుంది. నా కెరీరులో ఈ సూత్రాన్ని ఎంతోమందికి బోధించాను. నా జేబులోని మానిటరుకు మాత్రం ఎన్నడూ వర్తింపజేయలేదు.

ఇక మెదడు సంగతి కొంచెం చెప్పుకోవాలి. అకస్మాత్తుగా శబ్దం వస్తే తల అటు తిరగడం మన ఇష్టాయిష్టాలతో పని లేని చర్య. పావ్‌లోవ్ దీనిని ‘అదేమిటి’ అనే ప్రతిచర్యగా వర్ణించాడు. అడవిలో ఆకు కదిలినప్పుడు తల తిప్పని జీవి ఎక్కువకాలం బతకలేదు కనుక ప్రకృతి ఈ గుణాన్ని మనలో గట్టిగా నాటింది. ఫోను శబ్దం ఈ తీగనే మీటుతుంది. ‘నేను ఫోను ముట్టుకోను, మోగితే మోగనీ’ అనే వారికి ఒక చేదు వార్త. అమెరికాలోని ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో ప్రచురించిన ప్రయోగంలో, ఏకాగ్రత అవసరమైన పని చేస్తున్నవారికి ఫోనుకు కాల్ గాని, సందేశం గాని వచ్చినట్లు తెలిస్తే చాలు, వారు ఫోనును తాకకపోయినా తప్పులు పెరిగాయి. చేయి కదలకపోయినా మనసు కదిలిందన్నమాట.

కదిలిన మనసు వెంటనే తిరిగి రాదు. ఒక పని సగంలో వదిలి మరొక పనికి మళ్లినప్పుడు మొదటి పని తాలూకు ఆలోచన కొంత వెనుకనే మిగిలిపోతుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో చూపారు. వంటగదిలో మనకు తెలియని విషయమేమీ కాదు. పోపు వేస్తుండగా ఎవరో పిలిస్తే, తిరిగి వచ్చేసరికి ఉప్పు వేశామా లేదా అన్నది గుర్తుండదు. నా దగ్గరకు మతిమరుపు వచ్చిందేమోనని భయపడుతూ వచ్చే యాభై దాటిన వారిలో, జ్ఞాపకశక్తి పరీక్షల్లో ఏ లోపమూ కనిపించని వారు కొందరుంటారు. వారిని ఒక్కటే అడుగుతాను: ‘మాత్ర వేసుకునే సమయంలో ఫోను ఎక్కడుంటుందండీ?’ చేతిలోనే ఉంటుందని జవాబు. జ్ఞాపకం పోలేదు. అసలు లోపలికి చేరనే లేదు. బీపీ మాత్ర రెండుసార్లు వేసుకుని కళ్లు తిరిగి పడిన వారిని నేను చూశాను. మతిమరుపు నిజమైన వ్యాధి కూడా కావచ్చు కనుక పరీక్ష చేయించుకోవడం మానకండి. కాని దానితో పాటు ఈ ప్రశ్న కూడా వేసుకోండి.

మరి ఇంత ఇబ్బంది పెట్టే వస్తువును మనమే పదే పదే ఎందుకు తెరుస్తాము? బి.ఎఫ్. స్కిన్నర్ పావురాలతో చేసిన ప్రయోగాలు దీనికి కొంత సమాధానం చెబుతాయి. ముక్కుతో మీటను పొడిస్తే గింజ పడే పెట్టె అది. లెక్క ప్రకారం పడే గింజ కన్నా, ఎన్నోసారికి పడుతుందో తెలియని గింజ కోసం పావురం ఎడతెగకుండా పొడుస్తుంది. ఫోను తెరిచిన ప్రతిసారీ అమెరికాలోని మనవడి ఫొటో ఉండదు. పదిసార్లలో ఒకసారి ఉంటుంది. ఆ ఒక్కసారి కోసమే మిగిలిన తొమ్మిదిసార్లు. మసాచుసెట్స్‌లోని ఒక ఆసుపత్రి సిబ్బందిని ప్రశ్నించి 2010లో ప్రచురించిన పరిశీలనలో, పేజరు గాని ఫోను గాని అదరకపోయినా అదిరినట్లు అనిపించిందని 68 శాతం మంది చెప్పారు. నాకూ అనిపిస్తుంది. స్నానానికి వెళ్లేటప్పుడు లుంగీ మీద చేయి వేసి తడుముకున్న రోజు కూడా ఉన్నది. లుంగీకి జేబు లేదని ఆ తరువాత గుర్తుకు వచ్చింది.

ఆ సంఘటన జరిగిన వారానికి మా మనవరాలు సెలవులకు వచ్చింది. ఇంటర్మీడియట్ చదువుతున్న పిల్ల. ‘తాతయ్యా, నీ ఫోను ఏమిటి ఇలా కొట్టుకుంటోంది? లెక్క చూద్దామా?’ అని సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ అనే చోటికి తీసుకువెళ్లి చూపింది. ముందురోజు వచ్చిన నోటిఫికేషన్లు 412. వాటిని ఇద్దరమూ కూర్చుని విడదీశాము. నా పేరు పెట్టి నాకోసం ఒక మనిషి పంపినవి 19. మిగిలినవన్నీ గ్రూపులవి, కూరగాయల యాప్‌వి, ఎవరో ఎవరి ఫొటోనో ఇష్టపడ్డారని ఫేస్‌బుక్ చెప్పినవి, నేను ఎన్నడూ చూడని సీరియల్ కొత్త భాగం వచ్చిందని చెప్పినవి.

క్యాజువాలిటీలో ఒకేసారి బస్సు ప్రమాద బాధితులు వచ్చినప్పుడు మేము ట్రయాజ్ చేస్తాము. ఎర్ర చీటీ, పసుపు చీటీ, పచ్చ చీటీ. గట్టిగా అరుస్తున్నవాడి దగ్గరకు ముందు పోకూడదని మొదటి పాఠం. అరవగలుగుతున్నాడంటే అతనికి శ్వాస ఆడుతున్నది. మూలన మౌనంగా ఉన్నవాడిని ముందు చూడాలి. నోటిఫికేషన్ల విషయంలో కూడా నేను ఇదే పద్ధతి పాటించాను.

ఎర్ర చీటీ ఫోను కాల్‌కు. అది ఎప్పుడూ మోగాలి. రాత్రి పదింటి నుంచి ఉదయం ఆరింటి వరకు ‘డు నాట్ డిస్టర్బ్’ పెట్టాను. అయితే ఇంటివారు, నలుగురు బంధువులు, గుండె జబ్బు ఉన్న నా పాత రోగులు కొందరు, వీరి నంబర్లకు నక్షత్రం గుర్తు పెట్టి వారికి మాత్రం దారి వదిలాను. ఎవరైనా వెంటవెంటనే రెండోసారి చేస్తే ఆ కాల్ మోగే ఏర్పాటు కూడా అందులోనే ఉన్నది. ఫోను పూర్తిగా ఆపి పడుకునే పెద్దలు ఈ సదుపాయం సంగతి తెలుసుకోవాలి. పసుపు చీటీ, విడిగా మనుషులు పంపే సందేశాలకు. వాటికి చిన్న శబ్దం ఒకటి, గ్రూపులకు లేని శబ్దం. పచ్చ చీటీ తక్కినవన్నింటికీ. ప్రతి గ్రూపునూ మ్యూట్‌లో ‘ఆల్వేస్’ అనే దాని మీద నొక్కి, పెద్దవాటిని ఆర్కైవ్‌లోకి పంపాను. కూరగాయల యాప్, సీరియల్ యాప్, ఫేస్‌బుక్ నోటిఫికేషన్లను సెట్టింగ్స్‌లోనే ఆపివేశాను. ఇదంతా నలభై నిమిషాల పని. అందులో ఇరవై నిమిషాలు కళ్లజోడు వెతకడానికే సరిపోయింది.

కొన్నింటిని మాత్రం పొరపాటున కూడా ఆపకండి. చక్కెర పడిపోతే మోగే గ్లూకోజు సెన్సరు, మందుల వేళ గుర్తుచేసే అలారం, బ్యాంకు లావాదేవీల సందేశాలు, తుపాను హెచ్చరికలు. కోస్తా జిల్లాల వారికి ఈ చివరి దాని గురించి నేను చెప్పనక్కరలేదు.

అన్నీ ఆపివేసి హాయిగా ఉండవచ్చు గదా అని అడిగేవారున్నారు. డిజిటల్ ఉపవాసం అని ఒక మాట ఈ మధ్య వినిపిస్తున్నది. నాకు దాని మీద నమ్మకం తక్కువ. నోటిఫికేషన్ల మీదనే మన దేశంలో 237 మందితో రెండు వారాల పాటు చేసిన ఒక ప్రయోగం ఫలితాలు 2019లో వచ్చాయి. కొందరికి మామూలుగానే వచ్చాయి, కొందరికి గంటకొకసారి కట్టగా, మరికొందరికి రోజుకు మూడుసార్లు కట్టగా అందించారు. ఇంకొందరికి పూర్తిగా ఆపారు. మూడుసార్లు అందుకున్నవారు మనసు నిలకడగా ఉన్నదని, పని బాగా సాగిందని చెప్పారు. పూర్తిగా ఆగిపోయినవారికి ఆ మేలు దక్కలేదు సరికదా, ఏదో జరిగిపోతున్నది, మనకు తెలియడం లేదన్న ఆందోళన పెరిగింది. ఉపవాసం కన్నా మూడు పూటల భోజనమే మేలని తేలిందన్నమాట. నేను ఉదయం పదింటికి, మధ్యాహ్నం కునుకు తీసిన తరువాత, రాత్రి భోజనానికి ముందు గ్రూపులు చూస్తున్నాను. మొదటి నాలుగు రోజులు చేయి ఊరుకోలేదు. అయిదో రోజు నుంచి ఫరవాలేదు.

విదేశాల్లో పిల్లలున్నవారి బాధ వేరు. డాలస్‌లో మధ్యాహ్నమైతే మనకు అర్ధరాత్రి. కోడలు భోజన విరామంలో పంపిన ఫొటో ఇక్కడ ఒంటిగంటకు మోగుతుంది. చూడగానే నిద్ర ఎగిరిపోతుంది. వృద్ధాప్యంలో ఒకసారి చెదిరిన నిద్ర మళ్లీ పట్టడం కష్టం. తెల్లవారి రక్తపోటు ఎక్కువగా ఉన్నదని నా దగ్గరకు వస్తారు. పిల్లలకు చెప్పండి: ఫొటో ఎప్పుడు పంపినా మేము ఉదయమే చూస్తాము, అవసరమైతే కాల్ చేయండి అని. వారేమీ అనుకోరు. అనుకుంటారేమోనన్న భయం మనదే.

ఈ భయమే మన ఇళ్లలో అసలు వ్యాధి. గ్రూపు నుంచి తప్పుకోవడమంటే పెళ్లి పందిరిలో విస్తరి ముందు నుంచి లేచిపోవడంతో సమానం. ఎవరికీ తెలియకుండా, అడ్మినులకు మాత్రమే తెలిసేలా తప్పుకునే వీలు వాట్సాప్ 2022లో కల్పించింది గాని, మా బంధువుల గ్రూపులో ఆరుగురు అడ్మినులు. మూడు నిమిషాల్లో అందరికీ తెలుస్తుంది. మ్యూట్ చేస్తే మాత్రం ఎవరికీ తెలియదు. నీలం గీతలు పడి ఇంకా జవాబు ఇవ్వలేదని అలిగే బావగార్లు ఉంటే, ఆ నీలం గీతలు కనబడకుండా చేసే ఏర్పాటు కూడా ఉన్నది. గ్రూపులకు అది వర్తించదు. నేను దానిని వాడడం లేదు. అలిగితే అలగనీ అన్న వయసు వచ్చింది.

ఇంతవరకు చెప్పినది సందేశాలు అందుకునేవారి సంగతి. నా దృష్టిలో భారం వారి మీదనే మోపడం న్యాయం కాదు. నేను ప్రభుత్వాసుపత్రిలో పనిచేసిన తొలి రోజుల్లో రాత్రివేళ డ్యూటీ డాక్టరును పిలవాలంటే కాల్ బుక్ ఉండేది. రోగి మంచం నంబరు, పరిస్థితి, సమయం రాసి, సిస్టర్ సంతకం పెట్టి, వార్డుబాయ్‌తో క్వార్టర్స్‌కు పంపాలి. వానలో గొడుగు పట్టుకుని నడిచి వెళ్లే మనిషిని తలచుకుని ఆమె ఒక క్షణం ఆలోచించేది: ఇది ఇప్పుడే చెప్పవలసినదా, తెల్లవారి రౌండ్సులో చెప్పవచ్చునా? పంపేవారికి కొంత శ్రమ ఉండేది కనుక, ఆ పుస్తకం వచ్చిందంటే మేము చెప్పులు వెతుక్కోకుండా పరుగెత్తేవాళ్లం. ఇవాళ పంపేవారికి ఏ శ్రమా లేదు. వేయి మంది ఉన్న గ్రూపులో ఒకరు వేలితో తాకితే వేయి జేబులు కదులుతాయి. శుభోదయం బొమ్మ పంపే మిత్రులపై నాకు ద్వేషం లేదు. బతికే ఉన్నానని చెప్పే పద్ధతి అది, కొందరికి అదొక్కటే పలకరింపు. ఆ ఒక్కరినీ విడిగా పలకరించమని మాత్రం వేడుకుంటున్నాను.

అన్నిటికన్నా కష్టం, మ్యూట్ చేసే స్వేచ్ఛ లేనివారిది. ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు, బడి పంతుళ్లు, సచివాలయ ఉద్యోగులు. వారికి ఆదేశాలు గ్రూపుల్లోనే వస్తాయి, నివేదికలు గ్రూపుల్లోనే పంపాలి. రాత్రి తొమ్మిదింటికి ‘రేపు ఉదయం లోగా’ అని వచ్చే సందేశానికి నిద్రలో కూడా చెవి పెట్టి ఉంచాలి. నిద్రలేమి, తలనొప్పి అని వచ్చిన ఒక ఏఎన్ఎం తన ఫోనులో పదకొండు ఆఫీసు గ్రూపులు చూపించింది. ఆమెకు నేను ఏ మాత్ర రాయాలి? ఫ్రాన్స్‌లో 2017 నుంచి, యాభై మందికి మించి ఉద్యోగులున్న సంస్థలు పనివేళల తరువాత ఉద్యోగిని కదిలించకుండా ఉండే విషయమై వారితో చర్చించాలన్న చట్టం ఉన్నది. మనకు చట్టం వచ్చేదాకా ఆగనక్కరలేదు. ఒక మండల అధికారి తలచుకుంటే, ‘రాత్రి ఎనిమిది తరువాత గ్రూపులో ఏమీ పెట్టను, అత్యవసరమైతే నేనే ఫోను చేస్తాను’ అని ఈ సాయంత్రమే ప్రకటించవచ్చు. గ్రూపులో అడ్మిన్ మాత్రమే రాసేలా పెడితే ‘ఓకే మేడమ్’లు ముప్పై ఆగిపోతాయి. ఈ మాట చదివే అధికారులు ఒకరిద్దరున్నా చాలు.

నా రోగులందరికీ ఇప్పుడు ఒక మాట చెప్పి ఉంచాను. ఛాతీలో నొప్పి, శ్వాస ఆడకపోవడం, నోరు వంకర పోవడం, చేయి కాలు పడిపోవడం, వీటిలో ఏది వచ్చినా నాకు సందేశం పెట్టి ఎదురుచూడవద్దు. ముందు 108కి, తరువాత నాకు కాల్ చేయండి. ఫొటో ఆఖరున పంపవచ్చు. సందేశం పంపడం అంటే తలుపు కింద చీటీ పెట్టి వెళ్లడం, కాల్ చేయడం అంటే తలుపు తట్టడం అని మా మనవరాలు అన్నది. నేను అందరికీ అదే మాట అప్పగిస్తున్నాను.

ఆ దర్జీగారి కుమారుని నంబరుకు ఇప్పుడు నా ఫోనులో నక్షత్రం ఉన్నది. మొన్న ఆదివారం ఉదయం ఆరింటికి అది మోగింది. నా గుండె జారిపోయింది. మందుల దుకాణంలో నాన్నగారి బిళ్లలు వేరే కంపెనీవి ఇచ్చారట, రంగు మారిందట, వేసుకోవచ్చా అని అడిగాడు. పేరు, మోతాదు చదివించుకుని, అదే మందు కనుక వేసుకోమన్నాను. ‘పొద్దున్నే ఇబ్బంది పెట్టాను సార్’ అన్నాడు. ఇబ్బందేమీ లేదని, ఎప్పుడు అనుమానం వచ్చినా ఇలాగే చేయమని చెప్పి, నడకకు బయలుదేరాను.